షీల్డ్ ఒక్కటి పెట్టుకుంటే మాస్క్ పెట్టుకున్నట్టేనా? ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

హన్మకొండ, అక్టోబర్ 2020

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి శ్రీ ఈటల రాజేందర్ గారికి నమస్కారం.

హన్మకొండలో మాదొక చిన్న బట్టల దుకాణం. గల్లా దగ్గర నేనూ మా ఆయనా ఉంటాం, నలుగురు ఆడపిల్లలు చీరలు చూపిస్తారు. పెళ్ళిళ్ళ సీజన్ కరోనా లాక్‌డౌన్‌లోనే పోయింది. ఇక మాకు మిగిలింది దసరా గిరాకీ. పండగ ఈ నెల 25న. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మాస్క్ లేకుండా వచ్చేవాళ్ళతో మాకు పెద్ద ఇబ్బంది లేదు. వెయ్యి రూపాయల జరిమానా సంగతి అందరికీ తెలుసు. అడిగితే చున్నీయో కొంగో అడ్డం పెట్టుకుంటారు. గొడవంతా ఫేస్ షీల్డ్‌తోనే. ఆ ప్లాస్టిక్ అద్దం ఒక్కటే తలకు తగిలించుకుని వస్తారు. మాస్క్ ఏదమ్మా అంటే, "ముఖం కప్పుకోమన్నారు, కప్పుకున్నాం కదా" అంటారు. ఆ మాటను కొట్టిపారేయలేం. కేంద్రం మార్గదర్శకాల్లో ఉన్నది కూడా 'ఫేస్ కవర్' తప్పనిసరి అనే. పోయిన ఆదివారం ఒకాయన, "పక్క దుకాణంలో ఏమనలేదు, రూల్స్ మీకే వచ్చాయా?" అని గట్టిగా అరిచి, ఇంటివాళ్ళను తీసుకుని వెళ్ళిపోయారు. ఆయనకు ఎదురుగా నిలబడి జవాబు చెప్పింది మా దగ్గర పనిచేసే పంతొమ్మిదేళ్ళ పిల్ల. చేతులు వణుకుతూనే ఉన్నాయి, చీర మడత పెడుతూనే ఉంది.

మొదట్లో నేనూ షీల్డ్‌నే నమ్మాను. రోజంతా మాస్క్‌తో మాట్లాడితే ఊపిరాడడం లేదని పిల్లలు అంటే జూన్‌లో నలుగురికీ షీల్డులు కొనిచ్చాను. ముఖం కనిపిస్తే గిరాకీకీ మంచిదే అనుకున్నాను. రాత్రి షట్టర్ దించాక వాటిని నేనే తుడిచేదాన్ని. లోపలివైపు, సరిగ్గా మూతికి ఎదురుగా, తుంపరలు చుక్కలు చుక్కలుగా ఎండిపోయి ఉండేవి. ఇన్ని ఆపిందే అనుకున్నాను తప్ప, ఆగనివి ఎటు పోయాయో ఆలోచించలేదు.

ఒక రోజు పొద్దున దేవుడి పటానికి అగరుబత్తి వెలిగించాను. పక్కనే ఉన్న అమ్మాయి షీల్డ్ కిందికి పొగ వెళ్ళింది. గడ్డం దగ్గర లోపలికి దూరి, ముక్కు ముందు కాసేపు తిరిగి, చెవుల పక్క నుంచి బయటికి వచ్చింది. నేను అలాగే చూస్తూ నిలబడిపోయాను. పొగకు ఉన్న దారి ఊపిరికి ఉండదా? ఆ రోజే అందరికీ మళ్ళీ మాస్కులు పెట్టించాను. ఆగస్టులో ఆ అమ్మాయికే పాజిటివ్ వచ్చింది. ఎక్కడ అంటిందో ఎవరం చెప్పలేం, ఆటోలో అంటి ఉండొచ్చు, ఇంకెక్కడైనా కావచ్చు. కోలుకుంది. కానీ ఆ పిల్లకు అన్ని రోజులు షీల్డ్ ఒక్కటే ఇచ్చి జనం ముందు నిలబెట్టింది నేను. ఆ బాధ నన్ను వదలడం లేదు.

నేను పొగలో చూసిందే పెద్దవాళ్ళు లెక్కలు వేసి చెప్పారు. జపాన్‌లో ఫుగాకు సూపర్ కంప్యూటర్‌తో చేసిన పరిశీలన పోయిన నెలలో వచ్చింది. 5 మైక్రోమీటర్ల కంటే చిన్న తుంపరలు దాదాపు అన్నీ షీల్డ్‌ను తప్పించుకుని బయటికి పోతున్నాయట. తుంపరలను ఆపడంలో షీల్డ్ మాస్క్ కంటే తక్కువేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ జూన్‌లోనే చెప్పింది. అంత దూరం ఎందుకు, మన విమానాల్లోనే చూడండి. ప్రయాణికులకు షీల్డ్ ఇమ్మని విమానాల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ డీజీసీఏ ఆదేశించింది, కానీ మూడు పొరల మాస్క్‌తో కలిపి. విమానంలో రెండూ కావాల్సినప్పుడు పండగ పూట కిక్కిరిసిన చీరల దుకాణంలో షీల్డ్ ఒక్కటి ఎలా సరిపోతుంది?

ఇంకో మాట కూడా వినండి. ఏళ్ళుగా మా దగ్గరికి వచ్చే ఒక పెద్దమ్మకు చెవులు వినపడవు. పెదాలు చూసి మాట పోల్చుకుంటుంది. మొన్న వచ్చినప్పుడు మా మాస్కుల వంక చూస్తూ అయోమయంగా కూర్చుంది. చివరికి ధరలన్నీ బిల్లు పుస్తకం వెనక రాసి చూపించాం. ఆమెతో మాట్లాడేటప్పుడు మా పిల్ల నాలుగడుగులు వెనక్కి జరిగి, మాస్క్ దించి, షీల్డ్‌తో మాట్లాడితే తప్పవుతుందా? ఆయాసంతో మాస్క్ పెట్టుకోలేనివాళ్ళు షీల్డ్‌తో వస్తే ఏం చేయాలి? అలాంటివాళ్ళను గుమ్మంలో ఆపి జబ్బేమిటని అడిగే పని మాకు పెట్టకండి. ఐదేళ్ళ లోపు పిల్లలకు మాస్క్ అక్కర్లేదన్న సంగతి కూడా చాలామంది తల్లులకు తెలియదు, మా మీదే కోప్పడతారు.

నేను అడిగేది ఒక్క కాగితం. దుకాణాల్లో షీల్డ్ ఒక్కటే చాలదు, మాస్క్ పైన పెట్టుకుంటే మంచిదే, మాస్క్ పెట్టుకోలేనివాళ్ళకు మాత్రం మినహాయింపు ఉంది అని మీ శాఖ పేరుతో, తెలుగులోనూ ఉర్దూలోనూ రాయించండి. పోలీసులకూ మున్సిపల్ సిబ్బందికీ అదే కాగితం ఇవ్వండి. అప్పుడు పక్క దుకాణంలో ఒక మాట, మా దుకాణంలో ఒక మాట ఉండదు. గిరాకీతో వాదించే టెన్షన్ మా పిల్లలకు తప్పుతుంది.

జనం రెండో వారం నుంచి వస్తారు. ఆలోపు అందేలా చూడండి. గుమ్మం పక్కన దాన్ని అతికించడానికి జాగా ఉంచాను.

ఇట్లు,
హన్మకొండలో బట్టల దుకాణం నడుపుకునే ఒక మహిళ