ఎవరి పోలికో ఇవాళ తెలిసింది

గుంటూరు,
నవంబర్ 23, రాత్రి

ఒరేయ్ శీనూ,

వాడు పుట్టిన రాత్రి నువ్వు ఫోన్ చేసి "ఎవరి పోలికరా?" అని అడిగావు, గుర్తుందా? నేనేమీ చెప్పకుండా పెట్టేశాను. కోపం వచ్చి కాదు. ఆ రోజు ఫోన్ చేసినవాళ్ళంతా గొంతు తగ్గించి "పరిస్థితి ఎలా ఉంది" అన్నవాళ్ళే. కొడుకు పుట్టినవాణ్ణి అడిగినట్టు అడిగింది నువ్వొక్కడివే. కానీ నా దగ్గర జవాబు లేదురా. ముక్కులో గొట్టాలు, బుగ్గల మీద ప్లాస్టర్లు, కనుబొమల దాకా టోపీ. మర్నాటికి కామెర్లని నీలం లైటు కింద పెట్టి కళ్ళకి కూడా గంత కట్టారు. మొహం కనిపిస్తే కదా పోలిక చెప్పడానికి!

కాన్పు డేటు సంక్రాంతి వెళ్ళాక ఇచ్చారు. దీపావళి నాడు భవానికి ఒకటే తలనొప్పి, కళ్ళు మసకలు. బీపీ చూస్తే బాగా ఎక్కువ ఉంది. తెనాలి నుంచి కారులో తీసుకొచ్చేశాం. పిల్లాడి ఊపిరితిత్తుల కోసం ఆమెకి రెండు ఇంజెక్షన్లు ఇచ్చి, ఆ మర్నాటి రాత్రి ఆపరేషన్ చేశారు. 29 వారాలు. 1,210 గ్రాములు. మా నాయనమ్మ "ఏడో నెల పిల్లలు బతుకుతారురా, ఎనిమిదో నెలకే గండం" అంది. డాక్టరుగారిని అడిగాను. అదేం లేదండీ, కడుపులో గడిచిన ప్రతి వారమూ బిడ్డకి లాభమే అన్నారు. ఆయన చెప్పింది నిజమని తెలుసు. అయినా ఆ రాత్రి నాయనమ్మ మాటే నిజమైతే బావుండని కోరుకున్నాను.

పుట్టగానే ఊపిరితిత్తుల్లోకి గొట్టం ద్వారా ఒక మందు పోశారు. సర్ఫాక్టెంట్ అంటారు. ఊపిరి వదిలినప్పుడల్లా లోపలి గాలి తిత్తులు అతుక్కుపోకుండా ఉండటానికి నురుగులాంటి పదార్థం ఒకటి ఉండాలట. అది నెలలు నిండే కొద్దీ తయారవుతుంది, వీడికి ఇంకా లేదు. వరండాలో కూర్చుని ఫోన్‌లో చదివాను. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు ఐదున్నర వారాలు ముందు పుట్టి, ఈ ఇబ్బందితోనే రెండు రోజులైనా నిండకుండా పోయాడు. 1980లో జపాన్‌లో ఫుజివారా అనే డాక్టరు ఆ మందు పిల్లలకి ఇచ్చి చూపించాడు. అంత పెద్దాయన కొడుక్కి దొరకనిది నా కొడుక్కి గుంటూరులో దొరికిందిరా. ఆ రాత్రి మొదటిసారి ఏడ్చాను.

ఇక భవాని సంగతి. "ఆ రోజు బట్టల బకెట్టు మేడ మీదకి మోశాను, అందుకేనేమో" అని నాలుగు రోజులు అదే మాట. ఈ బీపీ నువ్వు చేసినదాని వల్ల వచ్చేది కాదమ్మా అని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పినా ఆమెకి ఎక్కలేదు. ఆ దిగులు కాస్త తగ్గించింది పాలేనని నా నమ్మకం. మొదటి రోజు పిండితే నాలుగు చుక్కల ముర్రుపాలు వచ్చాయి. ఇంతేనా అని సిగ్గుపడుతూ ఇచ్చింది. సిస్టర్ ఆ నాలుగు చుక్కల్నీ సిరంజిలోకి తీసుకుని, వాడి బుగ్గల లోపల రాసింది. "ఇది బంగారం, ఒక్క చుక్క కూడా పారెయ్యకండి" అంది. అప్పటినుంచీ మూడు గంటలకోసారి అలారం పెట్టుకుని పాలు తీస్తోంది, అర్ధరాత్రి కూడా. నేను సీసా కడిగి, టైము రాసి, ఇచ్చి వస్తాను.

వాళ్ళు పాలు పట్టేది చూడాలి నువ్వు. నోట్లోంచి పొట్టలోకి సన్నటి గొట్టం ఉంటుంది. దానికి సిరంజి తగిలించి పైకెత్తి పట్టుకుంటారు, నొక్కరు. పాలు వాటంతటవే, గీత తర్వాత గీత దిగుతాయి. మొదట్లో రెండు మిల్లీలీటర్లు. ఆ రెండూ దిగేదాకా నేను కదలకుండా నిలబడేవాణ్ణి. ఇప్పుడు రెండు గంటలకి 15.

మధ్యలో భయపెట్టాడు కూడా. ఇంత చిన్నపిల్లలు ఒక్కోసారి ఊపిరి తీయడం మరచిపోతారట. మానిటర్ మోగుతుంది, సిస్టర్ వచ్చి అరికాలు మీద వేలితో తడుతుంది, మళ్ళీ తీస్తాడు. కాఫీలో ఉండే కెఫీన్‌నే మందుగా ఇస్తున్నారు దానికి. నేను ఆ అంకెల మీదనుంచి కళ్ళు తిప్పేవాణ్ణి కాదు. ఆక్సిజన్ అంకె 90 కిందకి దిగితే నా ఊపిరే ఆగేది. ఒక రాత్రి సిస్టర్ నా కుర్చీని మానిటర్ వైపు నుంచి వాడి వైపు తిప్పేసింది. "అది చూడటానికి మేమున్నాం. మీరు బాబుని చూడండి" అంది.

ఇవాళ ముక్కులో ఆక్సిజన్ గొట్టం తీసేశారు. భవానికి కాస్త జ్వరంగా ఉంటే, నాన్నగారూ మీరు రండి, చొక్కా గుండీలు తీయండి అన్నారు. వాణ్ణి ఒట్టి డైపరుతో నా గుండెల మీద బోర్లా పడుకోబెట్టి గుడ్డతో కట్టారు. కంగారూ కేర్ అంటారు. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలకపోతే ఎడ్గార్ రే అనే డాక్టరు మొదలుపెట్టిన పద్ధతట. వాడి బరువు తెలియనేలేదు, వేడి మాత్రం తెలిసింది. గంటన్నర కూర్చున్నాను. కాలు తిమ్మిరెక్కినా కదల్లేదు.

అప్పుడు చూశాను శీనూ, మొహం. ఎడమ చెవి అంచు లోపలికి చిన్న మడత. మా నాన్న చెవి! ఆయన పోయి ఆరేళ్ళు. ఫోటో తీసి అమ్మకి పంపితే చాలాసేపు ఏమీ రాయలేదు, తర్వాత "మీ నాన్నే" అని పంపింది. అమ్మని ఇంకా లోపలికి రానివ్వడం లేదురా, తల్లిదండ్రులకే అనుమతి.

ఇవాళ్టి బరువు 1,330. నిన్నటికంటే 20 గ్రాములు ఎక్కువ. వచ్చే వారం కంటి పరీక్ష ఉంది, నెలలు నిండని పిల్లలకి రెటీనా చూడాలట. అది తలుచుకుంటే టెన్షన్‌గానే ఉంది. ఆ రోజు నువ్వుంటే బావుంటుంది. లోపలికి రానివ్వరు, అయినా వరండాలో ఉండు చాలు.

వచ్చేటప్పుడు మీ అమ్మగారినడిగి పాత నూలు చీరలు రెండు తీసుకురా, బాగా ఉతికి మెత్తబడినవి. అత్తయ్య పొత్తిగుడ్డలకి కొత్త గుడ్డ పనికిరాదంటోంది. స్వీట్లు కూడా తే. 22 రోజులైనా ఇంకా ఎవరికీ పంచలేదు. ముందు సిస్టర్లకి ఇవ్వాలి.

పాలు తీసుకెళ్ళే టైమైంది. ఉంటాను.

నీ
రవి