నీటి పథకాలకు సలహా ఇచ్చేవాళ్లు ఎవరికి జవాబుదారులు?

సంపాదకుడికి,

అయ్యా,

అంతర్జాతీయ అభివృద్ధి సంస్థల్లో నీటి రంగ కన్సల్టెంట్లకు ఉన్న అవకాశాల గురించి మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. ప్రకటనలు ఎక్కడ పడతాయో, దరఖాస్తు ఎలా చేయాలో, ఏ చదువుకు ఎలాంటి పని దొరుకుతుందో వివరంగా చెప్పారు. యువ ఇంజనీర్లకు, భూగర్భ జల నిపుణులకు, సామాజిక శాస్త్రాలు చదివినవాళ్లకు అది పనికొచ్చే సమాచారమే. అందులో ఒక ప్రశ్న మాత్రం ఎక్కడా రాలేదు. కన్సల్టెంటు ఇచ్చిన సలహా తప్పయితే, ఆ నీళ్లు తాగినవాళ్లకు జవాబు చెప్పేదెవరు? ఈ రంగంలో చాలా విధాన సమస్యలు ఇక్కడే మొదలవుతాయని నా నమ్మకం.

ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు వంటి సంస్థల డబ్బుతో నడిచే పథకాల్లో ముందు టర్మ్స్ ఆఫ్ రిఫరెన్స్ అనే పత్రం తయారవుతుంది. ఏం పరిశీలించాలి, ఏం తేల్చాలి, ఎన్ని నెలల్లో ముగించాలి, ఏయే నివేదికలు ఇవ్వాలి అన్నీ అందులోనే ఉంటాయి. ఆసక్తి ఉన్న సంస్థలను పిలిచి, కొన్నిటిని వడకట్టి, సాంకేతిక ప్రతిపాదనకు ఇన్ని మార్కులు, ధరకు ఇన్ని మార్కులు అని వేస్తారు. పని దక్కిన సంస్థ ప్రారంభ నివేదిక, ముసాయిదా, తుది నివేదిక ఇస్తూ ఒక్కోదానికి బిల్లు పెడుతుంది. తుది నివేదికకు ఆమోదం పడితే ఒప్పందం ముగిసినట్టే. కుళాయిలో నీళ్లు రావడం, లేదా రాకపోవడం, ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు తేలే సంగతి. అప్పటికి ఆ బృందంలోని వాళ్లు వేరే ఖండంలో వేరే పథకం మీద ఉంటారు. వాళ్లను నేను తప్పుపట్టడం లేదు. ఈ పనిని అలా మలిచారు.

ఈ ఏర్పాటులో అన్నిటికన్నా శక్తిమంతమైనది మొదటి కాగితమే. అందులో అడగని ప్రశ్నకు జవాబు వెతికే బాధ్యత ఎవరిదీ కాదు. దీనికి నాకు తెలిసిన అతి బాధాకరమైన ఉదాహరణ బంగ్లాదేశ్.

చెరువుల నీళ్లు తాగి పిల్లలు విరేచనాలతో, కలరాతో చనిపోతుంటే 1970ల నుంచి అక్కడి ప్రభుత్వం, యునిసెఫ్ కలిసి ఊరూరా గొట్టపు బావులు వేయించాయి. ఉద్దేశం మంచిదే, జనం కూడా సంతోషంగా స్వీకరించారు. తర్వాత సొంత డబ్బుతో వేసుకున్నవాళ్లే ఎక్కువ. ఆ లోతుల్లోని మట్టి పొరల నుంచి సహజంగానే ఆర్సెనిక్ అనే విషపదార్థం నీళ్లలోకి దిగుతోందని 1993లో గాని అక్కడ బయటపడలేదు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చిన వ్యాసం దాన్ని చరిత్రలోనే జనం సామూహికంగా విషానికి గురైన అతి పెద్ద ఉదంతంగా వర్ణించింది. 3.5 కోట్ల నుంచి 7.7 కోట్ల మంది వరకు ముప్పులో ఉన్నారని అంచనా వేసింది. చర్మం మీద మచ్చలు, అరచేతుల్లో, అరికాళ్లలో గట్టిపడిన కాయలు, ఏళ్ల తర్వాత క్యాన్సర్లు. ఆర్సెనిక్ కలిసిన నీటికి రంగు, వాసన, రుచి ఏవీ తేడాగా ఉండవు కాబట్టి తాగేవాళ్లు కనిపెట్టే వీలే లేదు.

ఆ విషయం బయటపడటానికి ఏడాది ముందు, 1992లో, బ్రిటన్ సాయం డబ్బుతో ఆ దేశపు భూగర్భ పరిశోధన సంస్థ బ్రిటిష్ జియలాజికల్ సర్వే అక్కడి బావుల నీటిని పరీక్షించి నివేదిక ఇచ్చింది. ఎన్నో మూలకాలు పరీక్షించారు. ఆ జాబితాలో ఆర్సెనిక్ లేదు. బాధితుల తరఫున ఒక గ్రామస్థుడు ఆ సంస్థను నడిపే మండలి మీద బ్రిటన్‌లో దావా వేశాడు. కేసు అప్పట్లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. బంగ్లాదేశ్ తాగునీటి మీద ఆ సంస్థకు అధికారం గాని, బాధ్యత గాని లేవని, నివేదికకూ ఆ గ్రామస్థుడికీ మధ్య చట్టం గుర్తించేంత దగ్గరి సంబంధం లేదని 2006లో తీర్పు వచ్చింది. దావా కొట్టేశారు.

చట్టం లెక్కలో ఆ తీర్పుకు కారణాలు ఉన్నాయి. ఆ నీళ్లు తాగడానికి పనికొస్తాయని ఆ నివేదిక ఎక్కడా చెప్పలేదు, అలా చెప్పమని దాన్ని ఎవరూ అడగలేదు కూడా. నన్ను కలవరపెట్టేది సరిగ్గా ఇదే. ఒక దేశపు భూగర్భ జలాన్ని విదేశీ నిపుణులు పరీక్షిస్తారు, ఆ నీళ్లనే కోట్లమంది రోజూ తాగుతుంటారు, అయినా ఆ ఇద్దరి మధ్య సంబంధమే లేదని చట్టం అంటుంది. ఆ తీర్పు వచ్చి ఇన్నేళ్లయినా, కన్సల్టెన్సీ ఒప్పందాలు రాసే పద్ధతిలో ఈ ఖాళీని పూడ్చే మార్పు నాకు కనిపించలేదు.

కొన్నిసార్లు సమస్య అడగని ప్రశ్నలో ఉండదు, మూసిన తలుపుల వెనుక ఉంటుంది. బొలీవియాలోని కోచబాంబ నగర నీటి సరఫరాను 1999లో ఒక విదేశీ కన్సార్షియానికి, అంటే కంపెనీల కూటమికి, 40 ఏళ్లకు అప్పగించారు. బరిలో మిగిలింది ఆ ఒక్క బిడ్డరే. చార్జీల పెంపు భారం తగ్గించడానికి సబ్సిడీ ఇవ్వొద్దని ప్రపంచ బ్యాంకు అదే ఏడాది తన సమీక్షలో సలహా ఇచ్చింది. ఖరీదైన మిసికూని ఆనకట్ట ప్రాజెక్టును ఈ ఒప్పందంతో ముడిపెట్టడాన్ని కూడా బ్యాంకు వ్యతిరేకించింది, ఆ సంగతి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఆ మాటను పాలకులు పక్కన పెట్టారు. సలహాల్లో ఏది తీసుకోవాలో, ఏది వదలాలో పైవాళ్లు తేల్చుకున్నారు. బిల్లులు ఒక్కసారిగా పెరిగాక, తమ చేతులతో తవ్వుకున్న బావులు, సహకార సంఘాల కుళాయిలు కూడా ఒప్పందం కిందికి వస్తాయని తెలిశాక, జనం వీధుల్లోకి వచ్చారు. 2000 ఏప్రిల్‌లో 17 ఏళ్ల కుర్రాడు తూటాకు బలయ్యాడు. ఒప్పందం రద్దయింది. చార్జీల లెక్క, షరతులు ముందే స్పానిష్‌లోనూ, అక్కడి స్థానిక భాష కెచువాలోనూ జనం ముందు పెట్టి చర్చించి ఉంటే ఆ ప్రాణం పోయేది కాదేమో.

బయటి సలహా అక్కర్లేదని నేను అనడం లేదు. కంబోడియా రాజధాని నామ్‌పెన్ సంగతి చూడండి. యుద్ధాల తర్వాత 1993లో అక్కడి నీటి సంస్థ పంపిన ప్రతి 100 లీటర్లలో 72 లీటర్లు లీకేజీకో, దొంగ కనెక్షన్లకో పోయేవి. ఎక్ సొన్ చాన్ అధిపతిగా వచ్చాక మీటర్లు పెట్టించారు, పైపులు మార్పించారు, బిల్లు కట్టని పెద్దలకూ కనెక్షన్ కోయించారు, సిబ్బందిలో అవినీతిని అణిచారు. ఆ వృథా క్రమంగా 6 శాతం దగ్గరికి దిగింది. ఆయనకు 2006లో రామన్ మెగసెసే పురస్కారం దక్కింది. ఇందులో జపాన్, ఫ్రాన్స్, ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు డబ్బు ఉంది, విదేశీ నిపుణుల శ్రమ ఉంది. జపాన్‌లోని కితాక్యూషు నగర నీటి విభాగం నుంచి వచ్చిన ఇంజనీర్లు స్థానిక సిబ్బందితో కలిసి పనిచేశారు. వాళ్లు తమ ఊళ్లో అదే పని రోజూ చేసేవాళ్లు, లీకేజీ అంటే ఏమిటో చేతులతో ఎరిగినవాళ్లు. ఏం కావాలో అడిగింది నామ్‌పెన్ సంస్థ. ఫలితానికి పూచీ పడింది కూడా అదే.

ఒక నీటి సంస్థ మరో నీటి సంస్థకు లాభాపేక్ష లేకుండా సాయపడే ఈ పద్ధతిని ఐక్యరాజ్యసమితి సలహా మండలి 2006లో హషిమోటో కార్యాచరణ ప్రణాళికలో గట్టిగా సిఫార్సు చేసింది. అందుకోసం నగరాలు, నివాసాల పని చూసే ఐక్యరాజ్యసమితి సంస్థ యూఎన్ హాబిటాట్ కింద ఒక ప్రపంచ వేదిక కూడా ఉంది. ఉద్యోగావకాశాల గురించి రాసేటప్పుడు మీ పత్రిక ఈ దారిని కూడా యువతకు చూపించాలి.

డబ్బు సంగతి క్లుప్తంగా చెప్తాను. దాత దేశాలు తమ సాయాన్ని సొంత కంపెనీలకే ముడిపెట్టకూడదని, ప్రధానంగా సంపన్న దేశాలు సభ్యులుగా ఉన్న ఓఈసీడీ అనే సంస్థ 2001లో సిఫార్సు చేసింది. అతి పేద దేశాలకిచ్చే సాయానికి సంబంధించిన ఆ సిఫార్సు నుంచి విడిగా ఇచ్చే సాంకేతిక సహకారాన్ని, అంటే ప్రధానంగా సలహాల పనిని, మినహాయించి సభ్య దేశాల ఇష్టానికి వదిలేశారు. సిమెంటుకు, పైపులకు పోటీ కావాలన్నవాళ్లు సలహాకు వచ్చేసరికి వెనక్కి తగ్గారు. మరోవైపు ఈ దాతల మీద ఆధారపడటం ఎంత ప్రమాదమో 2025లో తెలిసొచ్చింది. అమెరికా తన సహాయ సంస్థ యూఎస్ఎయిడ్‌ను మూసేసింది. ఎన్నో పనులు మధ్యలో ఆగిపోయాయి. స్థానిక ఇంజనీర్లకు పని నేర్పకుండా నివేదికలు మాత్రం ఇచ్చి వెళ్లిన చోట్ల దాని దెబ్బ ఎక్కువ కాలం ఉంటుంది.

సహారాకు దిగువనున్న 20 ఆఫ్రికా దేశాల లెక్కలను 2009లో గ్రామీణ నీటి సరఫరా నెట్‌వర్క్ క్రోడీకరిస్తే, చేతిపంపుల్లో మూడో వంతుకు పైగా పనిచేయడం లేదని తేలింది. వాటిలో ఎన్నిటి పక్కనో ఎవరో కన్సల్టెంటు రాసిన, పూర్తయిందని ఆమోదం పొందిన నివేదిక ఒకటి ఉండి ఉంటుంది. వాషర్ ఎక్కడ దొరుకుతుంది, మరమ్మతు చేసేదెవరు, దానికి డబ్బు ఎవరివ్వాలి అన్నవి ఆ ఊరివాళ్లను ముందే అడగాల్సిన మాటలు. సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో నీటికి సంబంధించిన ఆరో లక్ష్యం స్థానిక సమాజాల భాగస్వామ్యాన్ని బలపరచాలని విడిగా ఒక అంశంగా చెబుతోంది. తుది నివేదికల్లో దానికి ఒక అధ్యాయం కేటాయించడం రివాజైంది. ఆ భాగస్వామ్యం టర్మ్స్ ఆఫ్ రిఫరెన్స్ రాసే రోజునే మొదలవ్వాలి. పథకం ఖరారయ్యాక పెట్టే సభ చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

కాబట్టి రుణమిచ్చే బ్యాంకులను, రుణం తీసుకునే ప్రభుత్వాలను నేను కోరేది ఇది. నీటి పథకాల టర్మ్స్ ఆఫ్ రిఫరెన్స్ ముసాయిదాను టెండరుకు ముందే, నీళ్లు వాడేవాళ్ల భాషలో బహిరంగంగా పెట్టాలి. ఏ ప్రశ్న వదిలేశారో చెప్పే హక్కు వాళ్లకు ఉండాలి. కన్సల్టెంటు ఫీజులో ఒక భాగాన్ని ఆపి ఉంచి, పథకం పనిచేయడం మొదలయ్యాక కొన్నేళ్లకు అదే బృందం తిరిగొచ్చి చూసి, నీళ్ల నాణ్యత పరీక్షించి ఇచ్చే నివేదిక తర్వాతే చెల్లించాలి. ఆ నివేదిక కూడా బహిరంగం కావాలి. దీనివల్ల పని ఖరీదవుతుందని, చిన్న సంస్థలు పోటీకి రావని అంటారు. ఖరీదు కొంత పెరుగుతుంది, నిజమే. చిన్న సంస్థలకు ఆ తిరుగు ప్రయాణం ఖర్చును పథకం బడ్జెట్లోనే విడిగా చూపితే సరిపోతుంది.

ఇక ఈ రంగంలోకి వెళ్లాలనుకుంటున్న యువతీ యువకులకు ఒక మాట. ఒప్పందం మీద సంతకం చేసేముందు రెండు విషయాలు అడగండి. నేను ఇచ్చే నివేదికను ఆ ఊరివాళ్లు చదవగలరా? నా పరిధిలో లేని ప్రమాదం ఏదైనా నా కంటపడితే దాన్ని రాసే స్వేచ్ఛ నాకుందా? రెండో దానికి లేదని జవాబు వస్తే, ఉందని ఒప్పందంలో రాయించుకోండి. రాయడానికి వాళ్లు ఒప్పుకోకపోతే ఆ పని వదులుకోండి.

ఇట్లు,
నీటి సరఫరా విభాగంలో పనిచేసి విరమించిన ఒక ఇంజనీరు