ఇకపై ప్రతి గ్రీకు వెండి నాణెంతో ఒక చీటీ

మా దగ్గర గ్రీకు నాణేలు కొనే అందరికీ నమస్కారం. ఈ సీజన్ నుంచి ధరలు కొంచెం పెరిగాయి, సరుకు తగ్గింది, ఆర్డరు చేతికి అందడం ఆలస్యమవుతోంది. మూడింటికీ కారణం ఒకటే. బరువు, వ్యాసం, సాంద్రత, ఇదివరకు ఎక్కడ అమ్ముడైందన్న వివరం రాసిన చీటీ లేకుండా ఇకపై ఏ వెండి నాణెమూ మా కొట్టు గడప దాటదు. ఆ చీటీని ఎలా చదవాలో, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో తెలిస్తేనే మీకు ఉపయోగం.

మీలో ఎక్కువమంది అడిగేది ఏథెన్స్ గుడ్లగూబ. బొమ్మ వైపు శిరస్త్రాణం పెట్టుకున్న ఎథీనా, బొరుసు వైపు గుడ్లగూబ, దాని వెనక ఆలివ్ రెమ్మ, నెలవంక, కుడి పక్కన ఆల్ఫా, థీటా, ఎప్సిలాన్ అక్షరాలు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఏథెన్స్ దగ్గరి లారియన్ గనుల వెండితో కొట్టిన టెట్రాడ్రాక్మ్ ఇది, అంటే నాలుగు ద్రక్మాల నాణెం. ప్రామాణిక బరువు 17.2 గ్రాములు, వ్యాసం దాదాపు 24 మిల్లీమీటర్లు. సుత్తి దెబ్బతో చేత్తో కొట్టినవి కాబట్టి బొమ్మ ఒక పక్కకి జరగడం, శిరస్త్రాణం మీది కుచ్చు అంచు దాటిపోవడం లోపం కాదు. కుచ్చు పూర్తిగా పడిన నాణేనికి ధర చాలా ఎక్కువ. ఎథీనా కన్నూ ముక్కూ, గుడ్లగూబ తలా స్పష్టంగా పడ్డ నాణెం దొరికితే కుచ్చు కోసం అంత పెట్టనక్కర్లేదని మా అభిప్రాయం.

సాంద్రత మీరు ఇంట్లోనే సరిచూసుకోవచ్చు. 0.01 గ్రాము వరకు చూపే త్రాసు చాలు. ముందు నాణెం తూచి బరువు రాసుకోండి. గ్లాసులో సగం దాకా డిస్టిల్డ్ వాటర్ పోసి త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి నైలాన్ దారంతో కట్టి, అడుగుకీ అంచుకీ తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకోండి. అప్పుడు త్రాసు చూపేది నాణెం పక్కకు తోసిన నీటి బరువు. మొదటి బరువును దీంతో భాగిస్తే సాంద్రత వస్తుంది. నాణెం 17.18 గ్రాములు, తోసిన నీరు 1.66 అయితే సాంద్రత 10.35. మేలిమి వెండి 10.49, ఏథెన్స్ వెండి దాదాపు మేలిమే కాబట్టి ఇది సరైన లెక్క. నాణేనికి గాలి బుడగలు అంటుకుంటే లెక్క తక్కువ వస్తుంది, నీళ్లలో ఒక్క చుక్క గిన్నెల సబ్బు వేస్తే బుడగలు పట్టవు. చిన్న నాణేలకు ఈ త్రాసు పనికిరాదు. ద్రక్మాలో ఆరో వంతైన ఓబొల్ నాణెం 0.72 గ్రాములు, అది తోసే నీరు 0.07 గ్రాము మాత్రమే. అందులో 0.01 తేడా వస్తే సాంద్రత 9 కావచ్చు, 12 కూడా కావచ్చు. అందుకే ఓబొళ్ల చీటీలో ఆ గడి ఖాళీగా ఉంటుంది.

సాంద్రత 9.5 దగ్గర ఆగితే లోపల రాగి ఉండవచ్చు. రాగి బిళ్ళకు వెండి తొడుగు వేసిన నాణేలు ఆ కాలంలోనే ఉండేవి. అంచున గానీ గాటులో గానీ పచ్చని చిలుము కనిపిస్తుంది, బరువు 15 గ్రాముల చుట్టూ ఉంటుంది. ఏథెన్స్ నగరమే స్పార్టాతో చేసిన పెలొపొనీసియన్ యుద్ధం చివరి ఏళ్లలో వెండి కరువై తొడుగు నాణేలు వేసింది. క్రీ.పూ. 375-374లో నికోఫోన్ అనే ఏథెన్స్ పౌరుడు ప్రతిపాదించిన చట్టం ప్రకారం బజారులో ఒక పరీక్షకుడు కూర్చునేవాడు. లోపల రాగో సీసమో తేలితే నాణేన్ని అక్కడికక్కడే నరికి దేవతల తల్లి పేరిట జమ చేయాలి. ఆ శాసనం ఏథెన్స్ అగోరా (పాత బజారు) తవ్వకాల్లో 1970లో దొరికింది. మంచి వెండి గుడ్లగూబల మీద కూడా ఉలి గాటు కనిపించేది ఇలాంటి పరీక్షల వల్లే. గాటు ఉంటే ధర తగ్గుతుంది, కానీ లోపలి వెండిని కళ్లారా చూడవచ్చు. మొదటిసారి కొనేవాళ్లకి మేం గాటు ఉన్నదే సూచిస్తాం.

చీటీ తేల్చలేనిది ఒకటుంది. మంచి వెండితో, మంచి అచ్చుతో కొట్టిన ఈ కాలపు నకిలీ బరువులోనూ సాంద్రతలోనూ నెగ్గుతుంది. వెండి కరిగించి మూసలో పోసిన పోత నకిలీని పట్టడం అంత కష్టం కాదు: పది రెట్లు చూపే భూతద్దంలో అక్షరాల మొదళ్లు మెత్తగా గుండ్రంగా ఉంటాయి, బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ చోట సూది మొనంత గుంటలు కనిపిస్తాయి, అంచు చుట్టూ అతుకును ఆకురాయితో అరగదీసిన గీతలుంటాయి. అచ్చుతో కొట్టిన నకిలీకి మాత్రం దాని అచ్చును తెలిసిన అసలు, నకిలీ నాణేల అచ్చులతో పోల్చి చూడడమే దిక్కు. అందులో అనుమానం మిగిలితే ఆ నాణెం మేం కొనం.

ఇక పూర్వ చరిత్ర. ఇటీవలి సంవత్సరాల్లో పెద్ద నిధులు బయటపడి గుడ్లగూబలు మార్కెట్లో విరివిగా ఉన్నాయి, చవగ్గానూ వస్తున్నాయి. వాటిలో చాలావాటికి నిన్నటి అమ్మకానికి ముందు చరిత్ర లేదు. ఏ దేశపు మట్టిలోంచి, ఎవరు, ఏ అనుమతితో తీశారో చెప్పలేని నాణేన్ని తక్కువ ధరకి అమ్మడం మాకు ఇష్టం లేదు. పాత వేలం కేటలాగులో ఫోటో ఉన్నవే తెస్తున్నాం, కాబట్టి బయటికంటే మా ధర ఎక్కువే. అమ్మిన దేశం ఎగుమతి అనుమతి ఇచ్చేదాకా ఆగడం వల్లే ఆర్డర్లు ఆలస్యమవుతున్నాయి.

ఇంటికి తీసుకెళ్లాక ఒక్క మాట గట్టిగా చెబుతాం: చింతపండు, విభూతి, టూత్‌పేస్టు ఏదీ పెట్టి తోమకండి. పూజ సామాను తోమినట్టు తోమితే రెండు వేల ఏళ్ల పైపూత ఒక్క నిమిషంలో పోతుంది, దాంతో ధరా పోతుంది. రాతి మీద వేసి మోగించి చూడడం కూడా వద్దు. భూమిలో ఉన్న వెండి లోపల పెళుసుబారి ఉంటుంది, కిందపడితే రెండు ముక్కలవుతుంది. మెత్తటి పీవీసీ కవర్లలో పెడితే జిగురు జిగురుగా పచ్చటి పూత పడుతుంది. మైలార్ (పాలిస్టర్) కవర్లు వాడండి. కంచు నాణేల మీద పొడి పొడిగా రాలే లేతపచ్చ మచ్చ కనిపిస్తే అది లోహాన్ని తినేస్తున్న జబ్బు, వెంటనే మిగతావాటి నుంచి వేరు చేయండి. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో డబ్బాలో సిలికా జెల్ తప్పనిసరి.

గుడ్లగూబ అందుబాటులో లేకపోతే మెనాండర్ ద్రక్మా చూడండి. మిళిందుడిగా మనకి తెలిసిన ఇండో-గ్రీకు రాజే. బరువు సుమారు 2.45 గ్రాములు, ఒక వైపు గ్రీకు లిపి, మరో వైపు వాయవ్య భారతపు పాత లిపి ఖరోష్ఠిలో 'మహారజస త్రతరస మెనంద్రస', అంటే 'మహారాజు, రక్షకుడు అయిన మెనాండర్‌ది'. ఖరోష్ఠిని కుడి నుంచి ఎడమకి చదవాలి. శాతవాహనుల మీద ఆసక్తి ఉన్నవాళ్లకి, వాళ్ల చేతిలో ఓడిన పశ్చిమ క్షత్రప రాజు నహపాణుడి వెండి నాణేలు ఇంకా దగ్గరవి. గౌతమీపుత్ర శాతకర్ణి వాటి మీద తన చైత్యం గుర్తు, ఉజ్జయిని గుర్తు తిరిగి ముద్రించాడు. నాసిక్ జిల్లా జోగల్‌తెంబిలో 1906లో దొరికిన 13 వేలకు పైగా నాణేల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. కొన్నింట్లో కొత్త ముద్ర కింద పాత గ్రీకు అక్షరాల ముక్కలు ఇప్పటికీ కనిపిస్తాయి.

అమెరికా, గల్ఫ్‌ల నుంచి అడుగుతున్నవాళ్లకి: పంపలేం. 1972 పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణేన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు, విదేశంలో కొట్టినదైనా సరే ఇక్కడ ఉంటే అంతే. సెలవులకి వచ్చి కొని సూట్‌కేసులో పెట్టుకెళ్లడం కూడా నేరమే. ఆ ఉద్దేశంతో కొంటామంటే మేం అమ్మం.

చీటీ నకలు మా దగ్గర ఉంటుంది. పోగొట్టుకుంటే నాణేనికి రెండు వైపులా ఫోటో, బరువు పంపండి, సరిచూసి మళ్లీ రాసిస్తాం.