మోటుపల్లి శాసనాన్ని మనకు అర్థమయ్యేలా రాసిపెట్టండి

అయ్యా,

ఆదివారం వస్తే చాలు, వాడరేవు, రామాపురం బీచ్‌ల దారి కార్లతో నిండిపోతోంది. సంతోషమే. కానీ ఆ వచ్చేవాళ్ళలో నూటికొకరైనా అదే తీరంలో ఉన్న మోటుపల్లి దాకా వెళ్తున్నారా అని నా అనుమానం.

ఇవాళ చూస్తే అది చినగంజాం మండలంలో ఒక మామూలు పల్లె. కాకతీయుల నాడు దేశదేశాల ఓడలు ఆగిన రేవుపట్నం. కోట గోడలూ గిడ్డంగులూ కనిపిస్తాయనుకుని వెళ్తే నిరాశే. వీరభద్రస్వామి గుడి ముందు మండపంలో గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసన స్తంభం మాత్రం ఉంది.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మనవరాలిని తీసుకెళ్ళాను. బడిలో కాకతీయుల పాఠం చదివి ఈ శాసనం పేరు బట్టీ పట్టిన పిల్ల. రాయికి తగలకుండా వేలు గాల్లో ఆడిస్తూ ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. మూడో నాలుగో చిక్కాయి, అంతే. "ఇంతకీ ఇందులో ఏముంది తాతయ్యా?" అంది. నాలుగు పుస్తకాలు తిరగేసినవాణ్ణి కాబట్టి చెప్పగలిగాను. మా వెనకే వచ్చిన కుటుంబం స్తంభం పక్కన సెల్ఫీ దిగి వెళ్ళిపోయింది. వాళ్ళను తప్పుపట్టను, చదువుకోడానికి అక్కడ ఏముంది గనక?

అందులో ఉన్నది చిన్న విషయం కాదు. గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలో బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు ఏమున్నా వెనకటి రాజులు లాగేసుకునేవాళ్ళు. ప్రాణం కన్నా ధనమే మిన్న అనుకుని సముద్రం మీదికి తెగించి వచ్చినవాళ్ళకు, నిర్ణయించిన సుంకం తప్ప తక్కినదంతా దయతో విడిచిపెడుతున్నామన్నాడు గణపతిదేవుడు. ఎగుమతైనా దిగుమతైనా సుంకం ముప్పయ్యో వంతు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, పట్టునూలు, పగడాలు, మిరియాలు... సరుకుల పేర్లన్నీ అందులో చెక్కించాడు. ఇప్పటి టోల్‌గేటు దగ్గర రేట్ల బోర్డు లాంటిదన్నమాట!

13వ శతాబ్దం చివర్లో మార్కో పోలో మన రాజ్యాన్ని 'ముత్ఫిలి' అన్నది ఈ రేవు పేరు మీదే. రుద్రమదేవి గణపతిదేవుడి కూతురైతే, ఆయన భార్య అనుకుని రాశాడు పాపం. ఇక్కడి బట్ట సాలెగూడంత సన్నన అని మెచ్చుకున్నాడు గానీ. చీరాల మగ్గాల చప్పుడు మధ్య పుట్టినవాణ్ణి కనక ఆ మాట దగ్గర కాసేపు ఆగిపోతాను.

నేను కోరేది మ్యూజియమూ కాదు, లైట్ అండ్ సౌండ్ షోనూ కాదు. శాసనం మొత్తాన్ని ఇవాళ్టి వాడుక తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక రాతిపలక మీద చెక్కించి మండపం బయట నిలబెట్టాలి. పక్కన ఇంగ్లీషు, తమిళం కూడా ఉంటే మరీ మంచిది. 1358లో కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి ఇదే మోటుపల్లిలో వర్తకుల కోసం వేయించిన శాసనం సంస్కృతం, తెలుగు, తమిళం మూడింట్లోనూ ఉంది. బయటి దేశాల నుంచి వచ్చే బేరగాడికి చదివితే తెలియాలని ఆయన అనుకున్నాడు. ఆ పాటి ఆలోచన మన పర్యాటక, పురావస్తు అధికారులకు రాకపోవడమే నా బాధ.

బీచ్ రోడ్డు మలుపుల్లో మోటుపల్లికి దారి చూపే బోర్డులు కూడా రెండు పెట్టించండి. వేసవి సెలవులకు పిల్లలొచ్చేలోగా ఈ పని అయితే బాగుంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, చీరాల