అంగిలి కూడా చూడండి

నోటి క్యాన్సర్ అనగానే గుట్కా నమిలే మగవాళ్లే గుర్తొస్తారు గానీ, ఒడిశాలోని మా గజపతి జిల్లా పల్లెల్లో అడ్డపొగ (చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని పీల్చే పొగ) తాగే ఆడవాళ్లను ఎవరూ పట్టించుకోవడం లేదు. ప్రపంచ దేశాల క్యాన్సర్ లెక్కలు ఇచ్చే గ్లోబోకాన్ 2022 అంచనా ప్రకారం దేశంలో ఆ ఏడాది సుమారు 1.43 లక్షల మందికి కొత్తగా పెదవి, నోటి క్యాన్సర్ వచ్చింది. మగవాళ్లలో అన్ని క్యాన్సర్ల కన్నా ఇదే ఎక్కువ, నిజమే. కానీ పర్లాకిమిడి చుట్టుపక్కల నాట్లప్పుడు చూడండి: అలా చుట్టను నోట్లో పెట్టుకుని, పెదవులు బిగించి, రెండు చేతులా నారు నాటే పెద్దవాళ్లు కనిపిస్తారు. ఆ వేడికి అంగిలి తెల్లగా మారి ఎర్రటి చుక్కలు తేలతాయి. నొప్పి ఉండదు, ఎవరికీ చెప్పరు. మా పక్కింటి పెద్దమ్మ అంగిలి పుండుకు నెలల తరబడి నెయ్యి రాసుకుంది. ఆస్పత్రికి వెళ్లేసరికి ఆపరేషన్ తప్పలేదు. 30 ఏళ్లు దాటిన అందరికీ నోటి పరీక్ష చేయాలని క్యాన్సర్, షుగర్, బీపీ లాంటి జబ్బుల నివారణ జాతీయ కార్యక్రమంలోనే ఉంది. సిబ్బంది బుగ్గలు, నాలుకతో సరిపెట్టకుండా టార్చి వేసి అంగిలి చూడాలి. సంత రోజుల్లో క్యాంపులు పెట్టి తెలుగులో, సవర భాషలో చెప్పాలి. రెండు వారాలైనా మానని పుండు ఉంటే పెద్దాసుపత్రికి పంపి, బస్సు ఛార్జీ కూడా ఇవ్వాలి. కూలి పోతుందనే చాలామంది ఆగిపోతున్నారు.

– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి