వార్షిక నివేదిక 2025–26: బడి మారిన పిల్లలు, మన కాలనీ చేసిన పని

గౌరవ సభ్యులకు నమస్కారం.

2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు విజయవాడలోని మన కాలనీ సంఘం పనుల నివేదిక ఇది. వినాయక చవితి పందిరి, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. వీధి దీపాల ఫిర్యాదులు చాలావరకు తీరాయి. మురుగు కాలువ పూడిక మాత్రం వానల ముందు మళ్లీ తీయించాలి. జమాఖర్చుల పట్టిక ఆఫీసు గోడకు అంటించాం, చూడనివాళ్లు చూడండి. ఈ ఏడాది కార్యవర్గం సమయం దాదాపుగా బడి వ్యవహారానికే పోయింది కాబట్టి మిగతా నివేదికంతా దాని గురించే.

మన వీధి చివరి ప్రాథమిక పాఠశాలలో ఇప్పుడు 1, 2 తరగతులే నడుస్తున్నాయి. 2022 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వ జీవో (ఉత్తర్వు) 117 వచ్చాక 3, 4, 5 తరగతులను హైస్కూలుకు మ్యాపింగ్ చేశారు, అంటే అక్కడ కలిపేశారు. 2025 మేలో ఆ జీవో పోయి 19, 20, 21 జీవోలు వచ్చాయి. పాత జీవో పోయింది కాబట్టి పాత తరగతులు తిరిగొస్తాయని చాలామంది ఆశపడ్డారు. రాలేదు. ఆ మూడు తరగతులూ హైస్కూలు నుంచి పైపుల రోడ్డు అవతలున్న మోడల్ ప్రైమరీ స్కూలుకు వెళ్లాయి. అంటే 2024లో మూడో తరగతికి హైస్కూల్లో చేరిన పిల్ల, నాలుగో తరగతికి మోడల్ ప్రైమరీకి మారింది. ఆరో తరగతికి మళ్లీ ఆ హైస్కూలుకే వెళ్లాలి. ఐదో తరగతి దాటేలోపే మూడు బడులు.

మోడల్ ప్రైమరీలో తరగతికో టీచరు ఉండాలన్నది నిబంధన. మన బడిలో ఒకే టీచరు ఐదు తరగతులనూ ఈడ్చుకొచ్చిన రోజులు మనకు తెలుసు. చదువు బాగుపడిందని సంతోషిస్తున్న తల్లులూ కాలనీలో ఉన్నారు. అందుకే సంఘం ధర్నాల జోలికి పోలేదు. ఇది కొందరు సభ్యులకు నచ్చలేదు, ఆ సంగతీ ఇక్కడ రాస్తున్నాం.

మే నెలలో ఇల్లిల్లూ తిరిగినప్పుడు అందరూ దూరం గురించే మాట్లాడతారనుకున్నాం. విద్యాహక్కు చట్టం నిబంధనల ప్రకారం ప్రాథమిక బడి కిలోమీటరు లోపు ఉండాలి, కొత్త బడి ఆ లోపే ఉంది. కాగితం మీద తప్పు పట్టడానికేమీ లేదు. తల్లుల బాధ వేరు. ఇదివరకు నాలుగో తరగతి అక్క ఒకటో తరగతి తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేది. ఇప్పుడు అక్కది ఒక బడి, తమ్ముడిది ఇంకొకటి, రెండుచోట్లా బెల్లు ఒకే టైముకు. సత్యనారాయణపురంలో ఇళ్లల్లో పని చేసే ఆవిడ ఏడింటికే బయల్దేరాలి. ఆటోనగర్ షెడ్డుకు వెళ్లే తండ్రిదీ అదే పరిస్థితి. పైపుల రోడ్డు దాటాలంటే లారీలు, ఆటోలు, ఆపైన కుక్కలు. వీటిని జీవోలో ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

కాబట్టి మొదట పెట్టింది నడక జట్లు. రిటైరైన రైల్వే ఉద్యోగులు, ఇంటిపట్టునుండే అమ్మమ్మలు, నాయనమ్మలు వంతులవారీగా పిల్లల్ని రోడ్డు దాటించారు. జూన్ 12న బడులు తెరిచిన రోజు నుంచే మొదలైంది. ఎండలకు, వానలకు కొందరు తప్పుకున్నారు, జట్లు రెండుసార్లు మార్చుకోవాల్సి వచ్చింది. దసరా తర్వాత కుదురుకుంది. సాయంత్రం వంతుకు మాత్రం ఈ రోజుకీ మనుషులు చాలడం లేదు. రోడ్డు మీద జీబ్రా గీతలు వేయమని అర్జీ ఇచ్చాం, వేశారు. స్పీడు బ్రేకర్ ఇంకా రాలేదు.

రెండోది కాగితాల పని. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మన కాలనీలో ఎన్నో ఇళ్లల్లో పుట్టిన తేదీ సర్టిఫికెట్లు, ఆధార్ కార్డులు, పాస్‌బుక్కులు నానిపోయాయి. వాటి ఇబ్బంది అసలు తెలిసింది బడి మారినప్పుడే. పాత బడి పిల్లవాడి వివరాలను యూడైస్ (బడుల, విద్యార్థుల ఆన్‌లైన్ రికార్డు) డ్రాప్‌బాక్స్‌లో పెట్టాలి, కొత్త బడి అక్కణ్ణించి తీసుకోవాలి. మధ్యలో పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా తల్లుల టెన్షన్ అంతా ఇంతా కాదు. బడికి వెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు (బడి నిర్వహణకు 2,000 మినహాయించి తల్లి ఖాతాకు 13,000) ఆగిపోతుందేమోనన్న భయం. ఆదివారాలు మన ఆఫీసులో కూర్చుని పేర్లు సరిచూసి, వార్డు సచివాలయంలో దరఖాస్తులు పెట్టించాం. ఈ పనిలో డిగ్రీ చదివే మన పిల్లలు బాగా ఉపయోగపడ్డారు.

టీసీ గురించి ఒకమాట. బడి మార్పులు చూసి విసిగి, ఇంటిముందుకే ఆటో వస్తుందని కొందరు ప్రైవేటులో వేశారు. మూడో నెలకే ఫీజు భారమై వెనక్కి రావాలనుకుంటే, బాకీ కడితేగాని టీసీ ఇవ్వబోమని ఆ స్కూళ్లవాళ్లు అన్నారు. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడి చేర్చుకోకపోవడానికి వీల్లేదు. ఆ ముక్క ప్రింటు తీసి తల్లుల చేతికిచ్చాం. చాలావరకు అదే సరిపోయింది. ఆ పిల్లలు బాల కార్మికులయ్యే గండం అలా తప్పింది.

జూలై 10న మెగా పేరెంట్ టీచర్ మీటింగుకు కాలనీ తల్లులు కలిసి వెళ్లారు. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది మహిళలుండాలని చట్టంలో ఉంది. కొత్త బడి కమిటీలో మన కాలనీ గొంతు వినపడాలి.

“మన పిల్లలు ఇంగ్లీషు మీడియం ప్రైవేటు స్కూళ్లకు పోతున్నారు, ఈ గోల సంఘానికి ఎందుకు?” అని సర్వసభ్య సమావేశంలో ఒకరు అడిగారు. వారి ఇంట్లో పనిచేసే అమ్మాయి పిల్లలు ఏ బడికి పోతున్నారో అడిగితే తెలియదన్నారు. చర్చ అక్కడితో ముగిసింది.

ఇక మన బడి భవనం. మూడు గదులు ఖాళీగా ఉన్నాయి, చీకటి పడితే పేకాట మొదలవుతోంది. అద్దె గదిలో ఉన్న అంగన్‌వాడీని అక్కడికి మార్చమని, సాయంత్రం ఒక గది పిల్లల చదువుకు ఇమ్మని డీఈవో (జిల్లా విద్యాశాఖాధికారి) కార్యాలయానికి రాశాం. జవాబు రాలేదు. 1, 2 తరగతుల్లో పిల్లలు ఇంకా తగ్గితే ఆ బడికీ ముప్పే, కాబట్టి ఒకటో తరగతి వయసు పిల్లలున్న ఇళ్లకు వేసవిలోనే వెళ్లాలని నిర్ణయించాం.

రాబోయే ఏడాదికి కార్యవర్గం ప్రతిపాదన: చందాలో కొంత భాగం సాయంత్రం తోడుగా వెళ్లే ఇద్దరు మహిళల గౌరవవేతనానికి కేటాయించాలి. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద విద్యార్థికి ఏడాదికి 6,000 వరకు రవాణా భత్యం ఇచ్చే వీలుంది. దూరం నిబంధన వల్ల మన పిల్లల్లో ఎవరికి వస్తుందో ఒక్కొక్కరిదీ విడిగా చూడాలి. ఈ తీర్మానం మీద సర్వసభ్య సమావేశంలో ఓటింగు ఉంటుంది. నడక జట్టులో వంతు తీసుకునేవాళ్లు పేరు, వీలైన రోజులు ఆఫీసు రిజిస్టరులో రాయండి. సాయంత్రం వంతుల పేజీ ముందే ఉంది.

మీ
కార్యదర్శి