ముట్టుకోవద్దంటే అది పిల్లల పార్కెలా అవుతుంది?

సంపాదకుడు గారికి,

మా ఇంటికి దగ్గర్లోని పార్కులో పాత ఇనుప సామానుతో చేసిన నెమలి ఒకటి పెట్టారు. పింఛమంతా సైకిల్ చెయిన్లు, పళ్లచక్రాలు. మెడకు ఏదో బండి స్ప్రింగు. చేసినవాళ్ల పనితనానికి వంక పెట్టలేం. మొన్న ఆదివారం నా ఐదేళ్ల మనవడు కంచె సందులోంచి చెయ్యి పెట్టి ఆ స్ప్రింగును ఒక్క నొక్కు నొక్కాడు. నెమలి తల ఊగింది. వాడు నవ్వేలోపే వాచ్‌మన్ ఈల వేశాడు. కంచెకు 'ముట్టుకోరాదు' అని బోర్డు ఉంది. వాడికి ఇంకా చదవడం రాదు.

తుక్కుతో బొమ్మలు చేసి కూడళ్లలో, పార్కుల్లో నిలబెట్టడం ఇప్పుడు చాలా ఊళ్లలో చూస్తున్నాం. సెల్ఫీలకు బాగానే ఉంటున్నాయి. కానీ తుక్కుతో ఉన్న సుఖమే అది విరుగుతుందన్న టెన్షన్ లేకపోవడం. దానికీ కంచె కడితే ఎట్లా? తాటికాయలకు పుల్ల గుచ్చి బండి చేసుకుని, పాత సైకిల్ టైరు కొట్టుకుంటూ పెరిగిన తరం మాది. ఆ బండి మూడో రోజుకు ఊడిపోయేది, నాలుగో రోజు ఇంకోటి చేసుకునేవాళ్లం.

పోయిన ఎండాకాలం మా గల్లీలో ఓ పని చేసి చూశాం. ఇల్లు కట్టేచోట మిగిలిన నాలుగంగుళాల పీవీసీ పైపులను తలా ఓ పొడవున కోసి, పాత మంచం కోళ్లకు వరసగా బిగించాం. పైపు మూతి మీద అరిగిన హవాయి చెప్పుతో కొట్టాలి. పొడుగు పైపుది బొంగురు గొంతు, పొట్టిదానిది సన్న గొంతు. మొదటి రోజు చెవులు పగిలాయి, నిజమే. వారం తిరిగేసరికి పిల్లలు తీన్మార్ దెబ్బ పట్టేశారు.

ఇంకో మంచం ఫ్రేముకు పురికొస పడుగులా, అంటే మగ్గం మీది నిలువు దారాల్లా కట్టి, పక్కన పాత చీరల పీలికల బుట్ట పెట్టాం. దారిన పోయేవాళ్లు ఒక్కో పీలిక ఎక్కించి పోవచ్చు. వరంగల్ కొత్తవాడలో ఏళ్ల తరబడి జంపఖానాలు నేసిన ఓ పెద్దాయన రెండు నిమిషాలు చూసి, "అట్ల కాదు బిడ్డా, ఒకటి ఇడిచి ఒకటి" అంటూ కింద కూర్చున్నాడు. చీకటి పడేదాకా లేవలేదు. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిందని బట్టీ పట్టిన పిల్లలు పడుగేదో, అడ్డంగా ఎక్కించే పేకేదో ఆ రోజే చూశారు.

ఇదేం కొత్త సంగతి కాదు. 1943లో డెన్మార్క్‌లోని ఎమ్‌డ్రప్‌లో చెక్కలు, ఇటుకలు, టైర్లు పడేసి మీకు నచ్చింది కట్టుకోండని పిల్లలకు వదిలేశారు. మన చండీగఢ్‌లో నేక్‌చంద్ అనే రోడ్డు ఇన్‌స్పెక్టర్ పగిలిన గాజులు, పింగాణీ ముక్కలతో ఏళ్ల తరబడి గుట్టుగా చేసిన బొమ్మల తోటను 1976లో జనానికి తెరిచారు. తర్వాత అక్కడ తోరణాల కింద ఊయలలూ కట్టారు, పెద్దవాళ్లు కూడా ఎక్కి ఊగుతారు.

దెబ్బలు తగిలితే ఎవరిది బాధ్యత అని అడుగుతారు. అడగాల్సిందే. ఇనుము అంచులు గుండ్రంగా రాపాలి, దానికి నీడ ఉండాలి, లేకుంటే మే నెల ఎండకు చెయ్యి అంటుకుపోతుంది. టైర్లకు అడుగున బెజ్జాలు కొట్టాలి. లేకుంటే వానకు నీళ్లు నిలిచి డెంగీ దోమలను మనమే పెంచినట్టు. బ్యాటరీ పెట్టెలు, మందుల డబ్బాలు దగ్గరికి రానీయొద్దు. నెలకోసారి బోల్టులు బిగించే మనిషి కావాలి. అసలు ఖర్చు అక్కడే ఉంది, బొమ్మలో లేదు.

పార్కులు చూసుకునే అధికారులను అడిగేది ఒకటే. నెమలిని అట్లాగే ఉంచండి, ఆ పక్కన కంచె లేని ఓ మూల ఇవ్వండి. టెండరు పిలిచేముందు ఓ సాయంత్రం అక్కడి పిల్లలను కూర్చోబెట్టి ఏం కావాలో అడగండి. మా పైపులు ప్రస్తుతం ఒకరి డాబా మీద ఎండుతున్నాయి. చోటు చూపిస్తే ఓ ఆదివారం ట్రాలీ ఆటోలో తెచ్చి బిగిస్తాం. బోల్టులు బిగించే పానాలు మావే, పాత చెప్పులూ మావే.

— ఒక రిటైర్డ్ టీచరు, హనుమకొండ